రాజమణి మేడం దొంగ మాటలు

రాజమణి మేడం దివంగతులైన వార్త మాకు ఆమె ఫోను నుంచే వచ్చింది. రోజూ పొద్దున డ్యూటీ వేళకు ఆమె గొంతు వినిపించే వాట్సాప్ గ్రూపులో ఆ రోజు గొంతుకు బదులు అక్షరాలు కనిపించాయి. ‘రాజమణి మేడం ఇక లేరు. పొద్దున గుండెపోటుతో చనిపోయారు.’ పైన ఆమె పేరు, పక్కన ఆమె ఫొటో. మనిషి తన మరణవార్తను తానే మోసుకొచ్చి వాకిట్లో నిలబడి చెబుతున్నట్టుంది.

అది జగిత్యాలలో మా నర్సింగ్ కాలేజీ విద్యార్థినుల గ్రూపు. ఇలాంటి వార్త చదివితే ఎవరైనా గొల్లుమంటారు. మా పిల్లలు గొల్లుమనలేదు, విచారణకు దిగారు. మొదట జవాబు పెట్టింది లావణ్య. రెండో సంవత్సరం చదువుతోంది, ఎల్లారెడ్డిపేట వైపు పిల్ల, కాస్త నోరు ఎక్కువ. “మేడం, గిది దొంగ మాట. గుండెపోటు అన్నరు గాని ఏ డాక్టరు చూసిండో లేదు. చెప్పినోళ్ల పేరు లేదు. సచ్చిపోయినోళ్లు వాళ్ల ఫోన్ల నుంచి వాళ్లే మెసేజి పెట్టరు. దొంగ దొరికిండు!” దాని కింద వరసగా చప్పట్ల బొమ్మలు పడ్డాయి. ఇంకో పిల్లయితే, “గీ దొంగ మస్తు అల్కగ దొరికిండు మేడం, రేపు జర కష్టంది పెట్టుండ్రి” అని రాసింది.

నేను బస్సులో ఉన్నాను. రాజమణి మేడం దగ్గర చదువుకుని, తర్వాత ఆమె పక్క గదిలోనే పాఠాలు చెప్పినదాన్ని. నాకూ మొదట లావణ్య జవాబు చూసి గర్వమే కలిగింది. ఎంత చక్కగా పట్టుకుంది అనుకున్నాను. ఆ తర్వాత, మేడం దొంగ మాటను ఎప్పుడూ రాసి పెట్టరు కదా, గొంతుతో చెబుతారు కదా అని తోచింది. ఆమె నంబరుకే ఫోన్ చేశాను. ఎత్తింది మౌనిక, ఆమె చెల్లెలి కూతురు. కోరుట్లలో మేడం ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది.

“సరితక్కా, ఎవ్వరు నమ్ముతలేరు. పెద్దమ్మ నిజంగనే పోయింది. ఎట్ల చెప్తే నమ్ముతరు?” అని ఏడ్చింది.

శిష్యులు శోకిస్తే గురువుకు గౌరవం అంటారు. మా మేడం శిష్యులు ఆమె మరణానికి ఆధారాలు అడిగారు. ఆ పొద్దున ఆమె బతికి ఉంటే ఎంత మురిసిపోయేవారో అనుకుంటే నాకు నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. ఆమె మురిసిపోవడానికి కారణమైన ఆ దొంగ మాటల సంగతి తెలియని పాఠకులకు ముందు చెప్పాలి.

మా విద్యార్థినుల ఇళ్లల్లో మగవాళ్లు చాలామంది దుబాయ్, మస్కట్ కూలీల క్యాంపుల్లో ఉంటారు. సిరిసిల్లలో మరమగ్గాలకు పని తగ్గినప్పుడల్లా మహారాష్ట్రలోని భీవండికి బస్సెక్కేవాళ్లు ఇంకొందరు. కరోనా ఏడాది వాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ చిక్కుకుపోయి, పగలూ రేయీ ఇంటికి ఆరోగ్య సూత్రాలు పంపారు. ఆవిరి పట్టమని ఒకరు, మిరియాలు నమలమని ఒకరు, ముక్కులో నిమ్మరసం పోయమని ఒకరు. మా పిల్లలు వాటిని వార్డులో, చేతి తొడుగులు విప్పకుండానే చదువుకునేవారు, పకపకా నవ్వేవారు, కొన్నింటిని ఎందుకైనా మంచిదని ఇంటికి పంపేవారు. నర్సింగ్ చదివే పిల్ల పంపింది కాబట్టి ఇంట్లో వాళ్లు అది వేదవాక్యంలా పాటించేవారు. ఈ వరస చూసి మేడంకు మండింది. తిట్టలేదు. దొంగ మాటల ఆట మొదలుపెట్టారు.

రోజూ పొద్దున ఒక తప్పుడు సలహాను తానే గొంతు మార్చి చెప్పి గ్రూపులో పెట్టేవారు. ఒకరోజు ముసలవ్వ గొంతు, ఒకరోజు క్యాంపు నుంచి మాట్లాడే చిన్నాయన గొంతు, ఒకరోజు పేరు తెలియని పెద్ద డాక్టరు గొంతు. మాట అయిపోగానే నీళ్ల చప్పుడు వచ్చేది. నల్లా తిప్పి, సబ్బు రుద్ది, వేళ్ల సందులు, గోళ్ల కొసలు, మణికట్లు కడుక్కునే చప్పుడు, నింపాదిగా. అది ఆగాక తన సొంత గొంతుతో అడిగేవారు: “దొంగ దొరికిండా? ఎవరన్న చెప్పుండ్రి. నేను చెప్పను.” పిల్లలు తమ గొంతుతో జవాబు పెట్టాలి. జవాబు తప్పయితే మేడం మళ్ళీ అడిగేవారు, అదే ప్రశ్న, అదే శాంతంతో. ఒప్పయితే ఊరుకునేవారు. మెచ్చుకోలు లేదు, బొమ్మ లేదు, ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం కోసం పిల్లలు పోటీపడేవారు.

“మీరు ఒక్కసారన్న ఒప్పు చెప్పొచ్చు గద మేడం” అని నేనే ఒకసారి అడిగాను.

“రేపు పేషెంటు పక్కన నేనుంటనా, వాళ్లుంటరా? నా నోటి నుంచి ఇన్నది నాతోనే పోతది సరితా. వాళ్ల నోటి నుంచి అచ్చింది వాళ్లకాడ ఉంటది” అన్నారు.

ఇంకో మాట కూడా అనేవారు. “పంపినోన్ని తిట్టకుండ్రి. గక్కడ ఇసుకల ఉన్నోడు బిడ్డకు జరమొస్తె ఏం జేస్తడు? సెయ్యి అందది. అందుకే మెసేజి పంపుతడు. వాని సెయ్యి గదే.” ఆమె కూడా ఒకప్పుడు గల్ఫులో ఆసుపత్రి నర్సు. తంగళ్ళపల్లిలో తాటిచెట్లెక్కి కల్లు గీసే గౌడు ఇంట పుట్టి, తల్లి చుట్టిన బీడీల మీద చదువుకుని, మస్కట్ దాకా వెళ్లి వచ్చిన మనిషి. భర్త ఇంకా అక్కడే ఓ దుకాణంలో పనిచేస్తున్నారు. సెలవు దొరక్క, భార్య అంత్యక్రియలు ఆయన ఫోనులోనే చూశారు. మా వైపు సాధారణంగా చావు అటు నుంచి పెట్టెలో వస్తుంది. ఈసారి ఇటు నుంచి ఫోనులో వెళ్లింది.

ఫోనును ఆమె మూడో చెయ్యి అనేవారు. “రెండు సేతులు కడుగుతరు సరే. గీ మూడోదాన్ని ఎవలు కడుగుతరు?” ఈ మాట నోటితో చెబితే పిల్లలు వినలేదు. ఒకనాడు పొద్దున వార్డుకు బయల్దేరే ముందు, బల్ల మీద పెట్టిన ఓ విద్యార్థిని ఫోను వెనక మెట్‌పల్లి పసుపు చిటికెడు పూసి, ఏమీ ఎరగనట్టు తప్పుకున్నారు. మధ్యాహ్నానికి పసుపు ఆ పిల్ల చెంప మీద ఉంది, టిఫిన్ డబ్బా మూత మీద ఉంది, తలుపు గొళ్లెం మీద, రోగి దిండు మీద, రౌండ్లకు వచ్చిన పెద్ద డాక్టరు గారి ముక్కు మీద కూడా ఉంది. మేడం అందరినీ వెంటబెట్టుకుని పసుపు ఉన్న చోటల్లా చూపిస్తూ నడిచారు. దిండు దగ్గర ఆగి, “గిది పసుపు గాబట్టి కనవడ్డది” అన్నారు. అంతే. ఆ పిల్ల ఇప్పటికీ ఫోనును స్పిరిట్ దూదితో తుడుస్తూనే ఉంటుంది.

మేడం చేతులకు గాజులు వేసుకునేవారు కాదు. మోచేతి కింద ఏ ఆభరణమూ ఉండకూడదన్నది వార్డులో మాకు మొదటి పాఠం. మేం వార్డు దాటగానే తొడుక్కునేవాళ్లం, ఆమె ఇంట్లో కూడా వేసుకునేవారు కాదు. కోరుట్లలో ఒక పెళ్లిలో ఒకావిడ ఆమె బోసి చేతులు చూసి, “గాజులు లేవేందమ్మా, పెనిమిటి మంచిగున్నడా?” అని అందరూ వినేలా అడిగింది. మేడం నవ్వి, “మా ఆయన మస్కట్ల మంచిగున్నడు. గాజుల సందుకు రోగం దాక్కుంటది, నాకు పొద్దున డ్యూటీ ఉన్నది” అని లడ్డూ తీసుకున్నారు. చేతులు కడుక్కునే తీసుకున్నారని వేరే చెప్పక్కర్లేదు.

ఆ చేతులను నేను చివరిసారి చూసిన తీరు మరిచిపోలేను. ఆ పొద్దున ఆమె ఇంటి గేటు కింద నుంచి నీళ్లు రోడ్డు మీదికి పారుతుంటే ఎదురింటి ఆమెకు అనుమానం వచ్చిందట. నల్లా బంద్ చేయకుండా రాజమణి ఎటూ పోదని లోపలికి వెళ్లి చూస్తే, పెరట్లో నల్లా ధారగా పోస్తూనే ఉంది, మేడం కింద పడి ఉన్నారు. మేడ మీద చదువుకుంటున్న మౌనికకు నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. పెద్దమ్మ చేతులు కడుక్కుంటోందని అనుకుంది. నేను వెళ్లేసరికి చాప మీద పడుకోబెట్టారు. వేళ్ల సందుల్లో సబ్బు నురగ ఎండి తెల్లగా చారలు కట్టి ఉంది. కడగడం పూర్తి కాలేదు. చెంబుతో నీళ్లు తెప్పించి ఆ వేళ్లు నేనూ మౌనికా కడిగాం. తడిచేతులు తుడుస్తుంటే, ఇప్పుడు అడుగుతారు, ఇప్పుడు అడుగుతారు అని నా చెవులు ఎదురు చూశాయి.

ఆ తర్వాత ముత్తైదువులు వచ్చి ఆమె చేతుల నిండా ఆకుపచ్చ గాజులు వేశారు. పాడె ఎత్తినప్పుడు గాజులు గలగలమన్నాయి. వాకిట్లో తెల్ల యూనిఫారాల్లో నిలబడ్డ మా పిల్లలందరూ ఒక్కసారిగా ఉలిక్కిపడి తమ చేతులు చూసుకున్నారు. డ్యూటీకి గాజులు వేసుకొచ్చింది ఎవరా అని. నేను కూడా చూసుకున్నాను.

ఇప్పుడు ఆమె నాతో తప్ప ఎక్కువమందితో చెప్పుకోని సంగతి ఒకటి చెప్పాలి. అది లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఆమె మస్కట్‌లో ఉన్న రోజుల్లో తంగళ్ళపల్లిలో చెల్లెలు లలితకు తొలి కాన్పయింది, మగపిల్లాడు. పురిటి బొడ్డు తొందరగా ఎండాలని ఎవరో పిడకల బూడిద అద్దమన్నారు. లలిత వద్దంది. “మీ అక్క రాజమణే ఫోన్ల చెప్పిందట” అన్నారు. అక్క నర్సు, అక్క చెప్పిందంటే ఇంకేం అని ఒప్పుకుంది. మేడం ఆ మాట చెప్పనే లేదు. ఆ వారంలో ఆమె ఇంటికి ఫోనే చేయలేదు. పిల్లాడు దక్కలేదు. మేడం ఉద్యోగం వదిలి తిరిగొచ్చింది అందుకే. మౌనిక ఆ తర్వాత పుట్టిన బిడ్డ.

“నేను లేని సోట నా పేరు తిరిగింది సరితా. నా పేరే పిల్లగాన్ని తీస్కవోయింది” అన్నారు మేడం, వార్డులో చేతులు కడుక్కుంటూ, తల ఎత్తకుండా. ఆమె అలా మాట్లాడటం నేను వినడం అదొక్కసారే.

అందుకే కాబోలు, బొడ్డు గురించిన దొంగ మాటను మాత్రం ఆమె గొంతు మార్చకుండా చెప్పారు. “నేను రాజమణి నర్సును మాట్లాడుతున్న. పుట్టిన పిల్లకు బొడ్డు జల్దీ ఎండాల్నంటె పిడకల బూడిదల పసుపు కలిపి పొద్దుమాపు అద్దుండ్రి. పెద్దలు ఊకె చెప్పలే.” ఎంత మెత్తగా, ఎంత నమ్మకంగా చెప్పారంటే, విన్న నేనే ఒక క్షణం తల ఊపాను. పిల్లలకు ఆ రోజు జవాబు చెప్పడానికి నోరు రాలేదు. మేడంను దొంగ అని ఎలా అంటాం అని గింజుకున్నారు. క్లాసులో ఆమె ఒకటే అన్నారు: “దొంగ ఎప్పుడు కొత్త మొకంతోని రాడు. మీరు నమ్మినోళ్ల గొంతుతోనే అస్తడు. రేపు నా గొంతుతోని అచ్చినా అడుగుండ్రి.”

ఆమె పోయాక అదే జరిగింది, అదీ ప్రేమ వల్ల. దుఃఖం పట్టలేక మా పిల్లలు ఆమె గొంతును వాట్సాప్ స్టేటస్‌లలో పెట్టుకున్నారు. దీపం బొమ్మ, పూలమాల, ‘మీ గొంతు మా గుండెల్లో’ అన్న అక్షరాలు, వెనక మేడం మాట. ముసలవ్వ గొంతూ, డాక్టరు గొంతూ ఎవరికి కావాలి? మొదటి నుంచీ అసలు గొంతు ఉన్నది బొడ్డు మాటలోనే. అందరూ దాన్నే పెట్టారు. స్టేటస్‌లో కొంత సేపటికి మించి పట్టదు కదా. నీళ్ల చప్పుడూ, ఆ తర్వాతి ప్రశ్నా తెగిపోయాయి. మిగిలింది దొంగ ఒక్కడే. మేము ఆమెను తలచుకుంటూ అది విని కళ్లు తుడుచుకున్నాం గానీ, తెలియని వాళ్లకు అది ఎలా వినిపిస్తుందో ఒక్కరికీ తట్టలేదు.

నాకు తట్టింది సిరిసిల్ల బస్టాండులో. మా పిల్లలకు అక్కడి దవఖానలో డ్యూటీలు పడితే చూసి వస్తున్నాను. బల్ల మీద కూర్చున్న నా వెనక నుంచి, పట్టపగలు, మేడం మాట్లాడారు. “నేను రాజమణి నర్సును మాట్లాడుతున్న.” గిరుక్కున తిరిగాను. ఎవరో పెద్దావిడ ఫోను చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని వింటోంది. అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి పెట్టుకుంది. నేను అడిగేలోపే ఆమె బస్సు వచ్చేసింది. కిటికీ పక్కన కూర్చుని మళ్ళీ చెవికి ఆనించుకుంది. బస్సు కదిలిపోతుంటే లోపల నుంచి మేడం గొంతు సన్నగా, శాంతంగా వినిపిస్తూనే ఉంది.

రెండు రోజులకు లావణ్య ఫోన్ చేసింది. సెలవుకు ఊరెళ్లింది. ఎప్పుడూ గడగడా మాట్లాడే పిల్ల, గుసగుసగా, “మేడం, రాజమణి మేడం మా ఇంట్ల మాట్లాడుతున్నది” అంది.

“ఏందే, సరిగ చెప్పు” అన్నాను.

చెప్పింది. వాళ్ల వదిన బాలింత, ఆడపిల్ల. అన్న రమేష్ దుబాయ్‌లో మేస్త్రీ పని. అతనికి క్యాంపులో ఎవరి ద్వారానో మేడం గొంతు చేరింది. ‘గొప్ప నర్సమ్మ, సచ్చిపోయే ముందట చెప్పిన ఆఖరి మాట’ అని దాని మీద ఎవరో రాశారు. పుట్టిన బిడ్డను ఇంకా చూడని తండ్రి, చేయగలిగింది దొరికిందని సంతోషించి తన నాయనమ్మకు పంపాడు. నాయనమ్మ పేరు నర్సవ్వ. మా వైపు ఆ పేరు ఇంటికొకరికి ఉంటుంది, నర్సు ఉద్యోగానికీ ఆ పేరుకూ ఏ సంబంధమూ లేదు. కానీ ఆ ఇంట్లో ఆ రోజుల్లో నర్సు ఆవిడే.

“బొడ్డు ఎర్రగైంది మేడం. వాసనస్తున్నది. పొద్దటిసంది పిల్ల పాలు తాగుతలేదు. దవఖానకు పోదామంటె నాయినమ్మ ఇంటలేదు. నేనేం చెప్పినా, మీ మేడమే చెప్పింది గద అంటున్నది.”

నేను బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని వెళ్లేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఇంట్లో అడుగు పెడుతుంటేనే మేడం గొంతు ఎదురొచ్చింది. ఫోనును గూట్లో దేవుడి పటాల పక్కన నిలబెట్టారు. నర్సవ్వ మందు అద్దే ముందు ప్రతిసారీ దాన్ని పెట్టుకుని వింటుందట, తప్పు జరగకూడదని. పెద్దామె ఎంత శ్రద్ధగా చేస్తోందో చూస్తే కోపం తెచ్చుకోవడం కూడా కష్టమైంది. బాలింత గోడకు ఆనుకుని, పెదవి కొరుక్కుంటూ పిల్ల వంకే చూస్తోంది. పసిదాని బొడ్డు చుట్టూ బూడిద పెచ్చు, ఆ పెచ్చు చుట్టూ ఎర్రగా వాపు. ఒళ్లు వేడిగా ఉంది. ఏడ్చే ఓపిక కూడా తగ్గింది. ఇంకో పూట ఆ ఇంట్లో ఉంచితే ఏమవుతుందో నాకూ లావణ్యకూ తెలుసు, మస్కట్ నుంచి తిరిగొచ్చిన మేడంకూ తెలుసు.

“నేను రాజమణి మేడం దగ్గర చదువుకున్నదాన్ని అవ్వా. గామె గట్ల చెప్పలే” అన్నాను.

“చెప్పలేదంటవేంది బిడ్డా? ఇను. గామె గొంతు గాదా గిది?”

“గామెదే. కానీ...”

“మల్లేంది? బతికున్నోళ్లు తీరొక్క తీరుగ మాట్లాడుతరు. సచ్చినోళ్లు అబద్ధమాడుతరా? వాళ్లకేం లాభం?”

చచ్చిపోయిన మనిషి మంచిదనీ, నిజాయితీపరురాలనీ ప్రమాణం చేసి చెప్పగలను. ఆ గొంతు ఆమెదేనని కూడా చెప్పగలను. ఆ రెండూ ఒప్పుకున్నాక నర్సవ్వదే న్యాయం. ఇంతలో బాలింత ఫోనులో రమేష్ వీడియో కాల్ చేసి, “నాయినమ్మ చెప్పినట్టె చెయ్యుండ్రి, నేనే పంపిన గద” అంటున్నాడు. వెనక ఇనుప మంచాలు, ఆరేసిన బనియన్లు. పిల్లను దగ్గరగా చూపించమని అడుగుతున్నాడు.

అప్పుడు లావణ్య గూట్లోంచి ఆ ఫోను తీసి పక్కన పెట్టి, తన ఫోనులో గ్రూపు తెరిచింది. వెనక్కి, వెనక్కి వెళ్లి, అసలు మాటను, తెగని మాటను, పెద్ద గొంతుతో పెట్టింది. “నాయినమ్మా, గీసారి ఆఖరిదాంక ఇను.”

బూడిద, పసుపు, పొద్దుమాపు. నర్సవ్వ తల ఊపింది, తనకు తెలిసిన మాటలే. మాట ఆగింది. నల్లా తిరిగింది. నీళ్లు పడటం మొదలైంది.

“ఎవలు గది, పెరట్ల?” అని నర్సవ్వ మెడ తిప్పి చూసింది. పెరట్లో ఎవరూ లేరు. నీళ్లు పడుతూనే ఉన్నాయి. సబ్బు రుద్దుకునే చప్పుడు, వేళ్లలో వేళ్లు పెట్టి తోముకునే చప్పుడు. కోరుట్లలో ఆ నల్లా కింద ఆ చేతులు ఎలా ఆగిపోయాయో నా కళ్లముందు కదిలింది. ఆ ఇంట్లో అందరం, పసిదానితో సహా, ఆ చప్పుడు అయ్యేదాకా కదల్లేదు. తర్వాత మేడం అడిగారు.

“దొంగ దొరికిండా? ఎవరన్న చెప్పుండ్రి. నేను చెప్పను.”

నర్సవ్వ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. పెద్దవాళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు లాక్కున్నట్టే.

లావణ్య క్లాసులోలాగే లేచి నిలబడింది. “దొరికిండు మేడం. మీ పేరు చెప్పుకొని అచ్చిండు. బొడ్డు మీద బూడిద పెట్టద్దు, పసుపు పెట్టద్దు, ఏం పెట్టద్దు. పొడిగ ఉంచాలె. పిల్లను ముట్టుకునే ముందట సబ్బుతోని సేతులు కడుక్కోవాలె. ఎర్రగైనా, వాసనచ్చినా, పిల్ల పాలు తాగకున్నా ఇంట్ల ఉంచద్దు. అప్పటికప్పుడె దవఖానకు తీస్కవోవాలె.”

చెప్పి నిలబడే ఉంది. నర్సవ్వ వంగి, ఫోను దగ్గరికి మొహం పెట్టి, చాలా మర్యాదగా అడిగింది. “గంతేనా బిడ్డా? గీ పోరి చెప్పింది నిజమేనా?”

ఫోను మీద వెలుగు ఆరిపోయింది. ఆమె ఎదురు చూసింది. నాకు తెలిసినంతలో ఆ ఇంట్లో ఎదురు చూడని వాళ్లెవరూ లేరు.

“ఏమంటలేదేంది?” అంది నర్సవ్వ చివరికి.

“ఒప్పైతె ఏమనది నాయినమ్మా. తప్పైతె మల్ల అడుగుతది.”

ముసలామె ఇంకాసేపు విన్నది. ఏమీ వినిపించలేదు. లేచి, బూడిద గిన్నె పెరట్లో బోర్లించి, చేతులు కడుక్కుని వచ్చి పసిదాన్ని బట్టలో చుట్టింది. “నడువుండ్రి మల్ల. ఆటో ఉన్నదా, పంపిచ్చిండ్రా?” అని మమ్మల్నే కసిరింది.

సిరిసిల్ల దవఖానలో పసిది కోలుకుంది. ఇప్పుడు తల్లి దగ్గర పాలు తాగుతోంది, నర్సవ్వ వాకిట్లో కూర్చుని వచ్చినవాళ్లందరినీ చేతులు కడుక్కోకుండా లోపలికి రానివ్వడం లేదట. ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ రమేష్ చెల్లెలికి ఒకటే మెసేజి పెట్టాడు: “ఇప్పుడు నేనేం పంపాలె చెల్లే?” లావణ్య, “ఏం పంపకన్నా. ముందుగాల మమ్ముల అడుగు” అంది. ఆ మాట మేడం చెప్పింది కాదు. లావణ్యదే.

స్టేటస్‌లన్నీ తీయించాం. తీసేసినంత మాత్రాన ఆగుతుందా? మొన్న మెట్‌పల్లిలో ఎవరో విన్నామన్నారు. నిన్న క్యాంపు నుంచి ఒకరు పంపారు. మా పిల్లలు మేడం మాటకు వెనక తమ జవాబు అతికించి, ఎక్కడ ఆ గొంతు కనిపిస్తే అక్కడికి పంపుతున్నారు. ఆ పని చేస్తుండగా నాకు ఒక సంగతి తెలిసివచ్చింది. మా దగ్గరున్న మేడం గొంతంతా వెతికాను. ఒక్క నిజం లేదు. ఇన్నేళ్లూ ఆమె తన గొంతుతో చెప్పినవన్నీ దొంగ మాటలే. నిజాలన్నీ పిల్లల గొంతుల్లో ఉన్నాయి. జీవితమంతా సత్యం కోసం పాటుపడిన మనిషి, లోకానికి వినిపించే తన గొంతులో అసత్యాన్నే మిగిల్చి, సత్యాన్ని మాకు వదిలేసి వెళ్లారు. నేను లేని చోట నా పేరు తిరిగింది అని కుమిలిపోయిన ఆమె, ఇప్పుడు శాశ్వతంగా లేని చోట తిరుగుతున్నారు. ఆమె వెళ్లిన ప్రతి చోటికీ వెనకే వెళ్లి జవాబు చెప్పడమే మాకు మిగిలిన గురుదక్షిణ. ఆ పని చేస్తాం. ఆమె లేని లోటు మాత్రం తీరేది కాదు, తీరుతుందని నేను ఎవరినీ ఓదార్చను.

రోజూ పొద్దున పిల్లలు గ్రూపులో పాత దొంగ మాటలకు జవాబులు పెడుతూనే ఉన్నారు. అన్నీ ఒప్పులే. అందుకే ఆమె ఊరుకున్నారని మాలో మేం చెప్పుకుంటాం.

నిన్న వార్డులో ఎవరూ లేని సమయం చూసి, చేతులు కడుక్కునే చోట నిలబడి, నల్లా తిప్పాను. వేళ్ల సందులు, గోళ్ల కొసలు, మణికట్లు. నీళ్లు కట్టేసి, మెల్లిగా, నాకు మాత్రమే వినబడేలా, “బొడ్డు మీద బూడిద పెట్టొచ్చు మేడం” అన్నాను. తప్పే చెప్పాను. తడిచేతులు ఆరేదాకా నిలబడ్డాను.

మళ్ళీ అడగలేదు.